ఏడో వరస మడి లెక్క

కొండలోకి వచ్చిన ముప్పై ఒకటో ఏడు, ఆరో నెల, 10

ఈ రోజు పనులు: వెలుతురు గొట్టంలో అద్దాలు తుడవడం, నాలుగు. గాలి తలుపు మీద ఉప్పు గీకడం, ఒకసారి, దోసెడు వచ్చింది. చోళ్ళ అంబలి, రెండు పూటలకీ కలిపి. అత్తగారి కాళ్ళకు నూనె. గాజు మూకుళ్ళు కడగడం, ఇరవై నాలుగు. కుక్కర్ రెండు విడతలు, ఒకటి మూకుళ్ళకి, ఒకటి జావకి. మడి లెక్క, ఒకటి.

లెక్క పద్నాలుగు వచ్చింది. ముప్పైకి తగ్గకూడదు. పోయిన వారం ఇరవై రెండు.

వరసగా మూడు వారాలు ముప్పైకి తగ్గితే మా వాడిన నీళ్ళు వడగట్టే ఇసుక మడి చచ్చిపోయినట్టు. నీటి మేస్త్రీ వచ్చి ఇసుకంతా తవ్వించి సున్నం పోయిస్తాడు. మడి లేకపోతే వాడిన నీళ్ళు మళ్ళీ తాగే నీళ్ళు కావు, నీళ్ళు లేని వరసలో మనుషుల్ని ఉంచరు. తొమ్మిది ఇళ్ళు, నలభై ఒక్క మంది. ఎక్కడ ఒక మంచం ఖాళీ ఉంటే అక్కడికి ఒకరిని పంపుతారు. నాలుగో నెలలో మూడో వరసని అలాగే పంచేశారు. మొగుడు ఒకచోట, పెళ్ళాం ఒకచోట. మా అత్తగారికి చూపు దాదాపు పోయింది. గోడలు తడుముకుంటూ ఈ ఇంట్లో మాత్రమే తిరగగలదు.

తప్పు ఎక్కడుందో దొరుకుతుందేమోనని చేసినదంతా వరసగా రాస్తున్నాను.

మడిలోంచి ఒక చెంచా ఇసుక తీశాను. తొమ్మిది చెంచాల మరిగించి చల్లార్చిన నీటిలో వేసి వంద లెక్కపెట్టేదాకా ఊపాను. అది మొదటి సీసా. అందులోంచి ఒక చెంచా తీసి మరో తొమ్మిది చెంచాల నీటిలో కలిపితే రెండో సీసా. అలా ఐదు సీసాలు. ఒక్కో సీసాకి పదో వంతు పలచన. ఐదో సీసా నీళ్ళు ఒక చెంచా, సముద్రపు నాచు వేసి వండిన జావ గోరువెచ్చగా ఉండగా మూకుడులో కలిపి గడ్డకట్టనిచ్చాను. మూత పెట్టి వెచ్చపెట్టెలో రెండు రోజులు ఉంచాను. ఇసుకలో ఉన్న ఒక్కో సూక్ష్మజీవి ఆ జావ తిని పెరిగి కంటికి ఒక చుక్కలా కనిపిస్తుంది. ఒక చుక్క అంటే మడిలో లక్ష.

పక్కన ఇసుక నీళ్ళు కలపని ఖాళీ మూకుడు కూడా పెట్టాను. అందులో ఒక్క చుక్క లేదు. అంటే నా చేతులు శుభ్రమే, కుక్కర్ శుభ్రమే.

తప్పు కనపడలేదు.

11

పనులు నిన్నటివే. ఉప్పు తక్కువ, అర దోసెడు.

మైక్రోస్కోప్ వంతు ఇవాళ మా వరసకి వచ్చింది. ఐదు సీసాల పలచన అక్కర్లేదని రెండో సీసా బొట్టే పెట్టి చూశాను. ఒక చూపులో నలభై మూడు. జరిపి చూశాను, ముప్పై తొమ్మిది. ఇంకోచోట నలభై ఏడు. ఎక్కడ చూసినా నిండుగానే ఉన్నాయి. మైక్రోస్కోప్ వెంట ఇచ్చిన పట్టీ ప్రకారం హెచ్చవేస్తే కోట్లలో తేలింది. మూకుడేమో పద్నాలుగు లక్షలంటోంది. హెచ్చవేత మూడుసార్లు చేశాను. మా ఆయన అప్పలసూరి పంపు పని నుంచి వచ్చాక ఆయన చేతా చేయించాను.

"సరిగ్గానే ఉన్నాదే," అన్నాడు.

"మరి మూకుడులోకి ఎందుకు రావట్లేదు?"

"నన్నడుగుతావేటి? పంపు సంగతి అడుగు, సెప్తాను."

అత్తగారు మూల కూర్చుని వింటోంది. "తిండి సాలట్లేదేమో సూసుకోయే," అంది.

ఆ మాట నాకు సబబుగా తోచింది. ఇదివరకు జావకి పొడి నీటి కచేరీ నుంచే వచ్చేది. ఏడాది మొదట్లో అది ఆగిపోయింది. వేరుశనగ చెక్క, మొలకెత్తిన చోళ్ళు ఉడికించి చాలినంత జావ చేసుకోమని కాగితం పంపారు. చాలినంత అంటే ఎంతో అందులో లేదు. ఇంటికి వచ్చిన మనిషికైనా, మూకుడులో వాటికైనా నీళ్ళ జావ పోయడం నా వల్ల కాదు. మొదటి నుంచీ చిక్కగానే వండుతున్నాను. పోయిన వారం లెక్క తగ్గిందని చెక్క ఒక గుప్పెడు పెంచాను.

ఇంకా చాలడం లేదేమో. ఈసారి రెండు గుప్పెళ్ళు, కాస్త బెల్లం కూడా వేసి పెట్టాను.

13

చిక్కటి జావ మూకుళ్ళు తీశాను. చుక్కలు ఐదు. అందులో ఒకటి మూకుడు సగం మేర పాకిపోయింది, కొద్దిగా పులిసిన వాసన. మిగతా నాలుగూ చిన్నవి. ఎంత పెడితే అంత తగ్గుతున్నాయి. ఇది ఎలాంటి లెక్కో నాకు తెలియడం లేదు.

నీటి మేస్త్రీ తవుడు గారి కచేరీలో పేర్ల యంత్రం ఉంది. ఇసుక వేస్తే అందులో ఎవరెవరున్నారో పేర్లన్నీ చదివి చీటీ ఇస్తుంది. పోయిన వారం ఇచ్చిన ఇసుకకి ఇవాళ చీటీ వచ్చింది. నాలుగు వందల పన్నెండు రకాలు. చీటీ పట్టుకుని కచేరీకి వెళ్ళాను.

"ఇన్ని రకాలుంటే మడి చచ్చినట్టెలాగండీ?"

తవుడు గారు కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకున్నాడు. "అది పేర్లు చదువుతాదమ్మా. బతికున్నాదో నేదో దానికి తెలీదు. సమాధుల మీద పేర్లు గూడా పేర్లే గదా."

"మైక్రోస్కోప్‌లో కదుల్తున్నాయి."

"నీళ్ళలో ధూళి గూడా ఊగుతాది."

"నీళ్ళు తియ్యగానే ఉన్నాయి మరి."

"మూడో వరస నీళ్ళు గూడా ఆఖరి దాకా తియ్యగానే ఉన్నాయి. చచ్చిన మడి కొన్నాళ్ళు వడగడతాది. ఆ తరవాత ఇంటిల్లిపాదీ మంచాన పడతారు. అప్పుడు సున్నం పోసి ఏటి లాభం? మూకుడులో పెరిగితేనే బతికున్నట్టు. పదిహేడో తారీకు వొస్తాను."

ఆయన కఠినుడు కాదు. నేను వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చాడు.

మైక్రోస్కోప్ ఒకటి చెబుతోంది, యంత్రం ఒకటి చెబుతోంది, మూకుడు ఇంకొకటి చెబుతోంది. మూడూ ఒకే చెంచా ఇసుక గురించి.

14

పనులు: అద్దాలు రెండే తుడిచాను, మిగతావి వదిలేశాను. అంబలి. ఎనిమిదో వరసకి వెళ్ళి రావడం.

ఎనిమిదో వరస లెక్క పైడమ్మ పెడుతుంది. అన్ని వరసల లెక్కలూ రాసే నీటి పలక మీద ఆమె లెక్క ఎప్పుడూ యాభైకి పైనే. ఆమె ఇల్లు నాకు తెలుసు, ఎక్కడి గిన్నెలు అక్కడే పడి ఉంటాయి. దొంగ లెక్క రాస్తోందని చాలాకాలంగా నా అనుమానం. ఇవాళ చూసి వద్దామని వెళ్ళాను.

"ఏటి వదినా, దారి తప్పి వొచ్చీసినావా?" అంది, చాట దించకుండానే.

"నీ మూకుళ్ళు సూద్దామని వొచ్చినాను."

"వాటికేసి నా మొగుడే సూడడు. సూసుకో."

వెచ్చపెట్టె తలుపు సరిగా పడటం లేదు, గుడ్డ ముక్క కుక్కి ఉంది. లోపల మూకుళ్ళు ఒకదాని మీద ఒకటి. పై దాని మీద తారీకు చదివాను. నాలుగు.

"ఇవి పది రోజుల కిందటివే."

"ఉండనీ. నీలాగ రెండు రోజులకే కడిగీడానికి నాకు ఒళ్ళొంగదు. ముప్పై దాటినాయా నేదా అని సూస్తాను. దాటినాక రాసీడమే."

"దాటేదాకా సూస్తావా?"

"మరేటి, దాటకముందే రాసి మడి తవ్వించుకోమంటావా?"

ఇంట్లో వండినది ఏదైనా రెండు రోజులు దాటితే నేను ఉంచను. మూకుడైనా అంతే. అది కచేరీ పెట్టిన రూలా, నా రూలా అని అప్పటిదాకా ఆలోచించనే లేదు. ఇంటికి వచ్చాక కాగితం తీసి చదివాను. ఎన్ని రోజులో అందులో రాసి లేదు.

పైడమ్మ మూకుడు ఒకటి అక్కడే వెలుతురుకి ఎత్తి చూశాను. సూది మొనతో పొడిచినట్టు సన్నటి చుక్కలు, చల్లినట్టు అంతటా. అన్నీ దాదాపు ఒకే పరిమాణం, లేత పసుపు. యాభైకి తక్కువ ఉండవు. జావ మాత్రం అద్దంలా తేటగా ఉంది, అవతల నా వేళ్ళు కనిపిస్తున్నాయి.

"జావలో ఏటి ఏసినావు?"

"సోళ్ళు అంబలికే సాలట్లేదు, ఈటికెక్కడ పెడతాను? అంబలి గిన్నె కడిగిన నీళ్ళే మరగబెట్టి నాచు ఏసీసినాను." నా ముఖం చూసి నవ్వింది. "ఏటలా సూస్తావు? నీ ఇంటికొచ్చే సుట్టాలు కారు గదా ఇవి."

"ఖాళీ మూకుడేదీ?"

"ఖాళీ మూకుడెందుకు, కడగడానికి ఇంకోటా?"

అదీ సంగతి. ఇసుక నీళ్ళు కలపని మూకుడు పక్కన లేకపోతే ఆ చుక్కలు మడివో, గుడ్డ ముక్క సందులోంచి పడ్డ దుమ్మువో ఎవరికీ తెలియదు. పైడమ్మకీ తెలియదు. దొంగ లెక్క కాదు, నిజమైన లెక్క అని కూడా అనలేను.

ఇంటికి వచ్చి అత్తగారికి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"సముద్రం ఊళ్ళ మీదకొచ్చినప్పుడు మమ్మల్ని గుట్ట మీద పదకొండు దినాలు ఒగ్గీసినారు," అంది. "తిండి నేదు. పన్నెండో దినం రెండు పడవలొచ్చినాయి. ఒక పడవోళ్ళు మంచోళ్ళు, అన్నం, పప్పు, నెయ్యి, ఎంత కావాలంటే అంత పెట్టినారు. మా పెదనాన్నోళ్ళు ఆ పడవెక్కినారు. మేమెక్కిన పడవలో గంజి మీద తేట నీళ్ళే, అదీ గరిటెడు. మా అమ్మ ఏడిసినాది, ఈళ్ళు పిసినారోళ్ళని. ఒడ్డుకొచ్చేసరికి ఆ పడవలో సగం మంది నేరు. కడుపు మాడినోళ్ళకి నిండా పెడితే తట్టుకోనేరంట, తరవాత డాక్టరు సెప్పినాడు."

మడిలో ఇసుక ముప్పై ఒక్క ఏళ్ళుగా మేము వాడి వదిలిన నీళ్ళనే వడగడుతోంది. అంబలి గిన్నె మేము వేలితో తుడిచి తింటాము. మడికి చేరేది కడిగిన నీళ్ళే. అందులో ఉన్నవాళ్ళు ఎప్పుడైనా కడుపునిండా తిన్నారా?

నాకు ఖాయంగా తెలియదు. మనుషుల సంగతి వాటికి వర్తిస్తుందో లేదో చెప్పేవాళ్ళు లేరు. అయినా మా అంబలి గిన్నె కడిగి, ఆ నీళ్ళతో ఆరు మూకుళ్ళు పోశాను. మూడింట్లో ఇసుక నీళ్ళు, మూడు ఖాళీవి. అంత పలచటి జావ పోస్తుంటే సిగ్గుగా అనిపించింది. తారీకు వేసి పెట్టెలో పెట్టాను.

17

ఉదయం నుంచే వరసలో మూటలు కట్టే చప్పుడు. అందరూ నా గుమ్మం ముందు నుంచే నడిచారు.

తవుడు గారు వచ్చాడు. ఎప్పటిలాగే పదిహేనున పోసిన మామూలు జావ మూకుడు ముందు పెట్టాను. మూడు చుక్కలు. ఆయన లెక్కపెట్టడానికి ఎంతో సేపు పట్టలేదు.

అప్పుడు పలచటి మూకుళ్ళు తెచ్చాను. కంటికి ఏమీ కనిపించలేదు. భూతద్దంతో చూస్తే ఒకదాంట్లో ఆరు మెరుపుల్లాంటివి ఉన్నాయి. అవి నాచు బుడగలో, చుక్కలో నేనే ఒట్టేసి చెప్పలేను. అదే చెప్పాను. పైడమ్మ పేరు చెప్పకుండా, పది రోజులు ఉంచిన మూకుడు ఒకటి చూశానని కూడా చెప్పాను. అత్తగారు పడవల సంగతి తనే చెప్పింది.

ఆయన మూకుడు వెలుతురుకి తిప్పి చూశాడు.

"ఇంకెన్ని దినాలు కావాలమ్మా?"

"ఏడు."

"ఈలోగా మడి నిజంగా చచ్చే ఉంటే?"

"నీళ్ళు మరగబెట్టి తాగుతామండి. తొమ్మిది ఇళ్ళకీ నేను చెప్తాను."

"పొయ్యికి కరెంటు?"

మా ఆయన పంపుల దగ్గర తన వాటా కరెంటు ఉందని, అది ఇస్తానని అన్నాడు. నాతో ముందు అనలేదు.

తవుడు గారు పుస్తకం తెరిచాడు. "మూసీమని ఇవాళ రాయాల. రాయట్లేదు. ఏడు దినాలు అప్పు అని రాస్తన్నాను, నా పేరు మీద. ఇరవై నాలుగుకి తీరకపోతే నా కుర్చీ పోద్ది. మూడో వరసకి ఒక్క దినం గూడా ఇవ్వనేదు నాను. అడిగినోళ్ళు నేరు."

ఖాళీ మూకుళ్ళతో సహా ఆరింటికీ మూత అంచుల మీద తన ముద్ర వేశాడు. ఎవరూ తెరవడానికి వీల్లేదు.

20

పనులు: నీళ్ళు మరిగించడం, ఆరు విడతలు. ఇళ్ళకి పంచడం, తొమ్మిది. మిగతావి రాయడానికి ఓపిక లేదు.

మూతల మీది నుంచే చూశాను. ఇసుక మూకుళ్ళలో ఇప్పుడు కంటికి కూడా కనిపిస్తున్నాయి. ఒకదాంట్లో పదకొండు, ఒకదాంట్లో తొమ్మిది, ఇంకోదాంట్లో పద్నాలుగు. ఖాళీవి ఖాళీగానే ఉన్నాయి. ఒకదాని అంచున బూజు లాంటిది ఉంది, అది కూడా రాసి పెట్టాను.

ఆరు రోజులనాటి మూకుళ్ళు ఇంట్లో ఉంటే నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంది. రెండుసార్లు కడగబోయి ముద్ర చూసి ఆగాను.

"ముప్పై దాటకపోతే ముప్పై అని సెప్పీవే," అన్నాడు మా ఆయన. "ఇంత దూరం వొచ్చినాం."

"తవుడు గారు ముద్దర ఏసినారు."

"లెక్క నువ్వు సెప్పిందేగా రాస్తాడు. ఆయనకి ఆ సన్నవి ఆనవు."

"నిజంగా చచ్చిపోయుంటే? నలభై ఒక్క మంది తాగాల ఆ నీళ్ళు. అత్తమ్మ తాగాల."

ఆయన లేచి, మరిగిన నీళ్ళ బిందె తనే ఎత్తుకుని ఇళ్ళకి బయల్దేరాడు.

పలచటి జావ నా బుద్ధికి తోచినదే అయినా, నేను వెతుకుతున్నది కనిపించాలని చూస్తున్నానేమో అనే భయం కూడా ఉంది. పైడమ్మ ముప్పై దాటేదాకా ఆగుతుంది. నేను పది రోజులని ముందే చెప్పి ఆగుతున్నాను. రెండింటికీ తేడా ఉందనుకుంటున్నాను. ఎంత తేడానో సరిగా చెప్పలేను.

24

పనులు: ఏమీ చేయలేదు. అంబలి పైడమ్మ పంపింది. కొద్దిగా మాడింది.

తవుడు గారు పొద్దున్నే వచ్చాడు. వరసంతా గుమ్మంలో నిలబడ్డారు. ముద్రలు ఆయనే విప్పాడు. నా మాట మీద రాయనన్నాడు. వెలుతురు గొట్టం కింద కూర్చుని, భూతద్దం పట్టుకుని, ఒక్కో చుక్క పక్కన గాజు మీద సిరాతో గుర్తు పెడుతూ లెక్కపెట్టాడు. ఒక్కో మూకుడు రెండుసార్లు.

యాభై ఎనిమిది. అరవై ఒకటి. యాభై ఐదు.

ఖాళీవి: సున్న, సున్న, అంచున ఒక బూజు. బూజు చుక్క కాదని ఆయనే అన్నాడు.

పక్కింటి వాళ్ళు మెల్లగా వెళ్ళి మూటలు విప్పుకున్నారు. అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "ఎంతొచ్చినాది?" అని మళ్ళీ అడిగింది. వినపడక కాదు. మళ్ళీ చెప్పాను.

ఇన్నాళ్ళూ అవి అక్కడే ఉన్నాయి. నేను పెట్టిన తిండే వాటిని రానివ్వలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే పడవల కథ తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. తవుడు గారి దగ్గర కూడా లేదు.

ఆయన పుస్తకంలో మా పేజీ రాయకుండా వెనక్కి తిప్పాడు. మూడో వరస పేజీ. ఇరవై ఆరు, పదిహేడు, ఎనిమిది. మా లెక్కలాగే తగ్గుతూ వచ్చాయి.

"అక్కడ లెక్క ఎవులు పెట్టినారో గుర్తుందా అమ్మా?"

"పూర్ణమ్మ."

"ఆవిడింట్లో జావ తాగినాను ఒకసారి. సాల చిక్కగా ఉంటాది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ మడిలో ఇప్పుడు సున్నమే. ఇంక ఏ మూకుడులో పోసి సూడాల?"

మూడో వరస మడి చచ్చిందా, బతికుండగానే తవ్వేశారా, ఇక తెలియదు. పూర్ణమ్మ ఇప్పుడు పన్నెండో వరసలో ఒంటరి మంచం మీద ఉంది. ఆమెకి ఈ సంగతి ఎవరు చెప్పాలో ఆయన అడగలేదు. నేనే చెప్తానన్నాను. ఏమని మొదలుపెట్టాలో తెలియదు.

"సెప్పేటప్పుడు నన్ను గూడా తీసుకెళ్ళమ్మా," అన్నాడు.

ఆ తరవాత మా పేజీకి తిరిగి వచ్చి మూడు అంకెలూ రాశాడు. వాటి కింద వరస తరఫున నన్ను రాయమని పెన్ను ఇచ్చాడు. ఇలా రాశాను:

నీటి మేస్త్రీ తవుడు గారి దగ్గర ఏడో వరస తీసుకున్న అప్పు, ఏడు రోజులు. ఈ రోజుతో చెల్లు.